ఎడమ నుంచి కుడికి

సోమవారం పొద్దున యమున ఆఫీసు మెట్లెక్కేసరికి లోపల అందరూ నవ్వుతున్నారు. ఆమెను చూడగానే ఆపుకోవాలని చూశారు గానీ వాళ్ల వల్ల కాలేదు.

మదనపల్లెలో ఒక మేడ మీద మూడు గదుల్లో నడిచే చిన్న సంస్థ అది. పాతికేళ్లుగా చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో కుంటలు తవ్వించడం, కట్టలు పోయించడం, గొర్రెలకూ, ఎనుములనే గేదెలకూ టీకాలు వేయించడం దాని పని. ఆ పాతికేళ్ల కథను ఒక పుస్తకంగా అచ్చు వేయాలనుకున్నారు. పుస్తకమంతా ఒకే ఆన్‌లైన్ డాక్యుమెంటులో తయారవుతోంది. గంగవరంలో ఉన్నవాళ్లు గంగవరం నుంచి, సోమలలో ఉన్నవాళ్లు సోమల నుంచి ఎవరి భాగం వాళ్లు అందులోనే రాస్తారు. నూట నలభై పేజీలు, నూట ఎనభై ఫొటోలు. ఫొటోల కింద క్యాప్షన్లు పెట్టే బాధ్యత యమునది. ఆ ఉద్యోగంలో చేరి ఆమెకు రెండేళ్లయింది.

నవ్వుకు కారణం ముప్పై ఒకటో పేజీ. అందులో నాలుగు ఎనుములు టీకా కోసం వరుసగా నిలబడి కెమెరా వైపు చూస్తున్నాయి. వాటి కింద, "ఎడమ నుంచి కుడికి: ముఖ్య అతిథి, బ్యాంకు మేనేజరు, మండలాధ్యక్షులు, సంస్థ కార్యదర్శి" అని ఉంది.

యమున మొహం కందిపోయింది. శుక్రవారం సాయంత్రం తాను ఇంటికి వెళ్లేటప్పుడు ఏ మాట ఏ ఫొటో కింద ఉండాలో అక్కడే ఉంది. శనివారం ఎవరో పై పేజీలో నాలుగు వాక్యాలు చేర్చారు. దాంతో ఒక ఫొటో కింది పేజీకి జారింది. దాని క్యాప్షన్ మాత్రం పైనే ఉండిపోయింది. అక్కణ్నుంచి ఒకరి మాట ఇంకొకరికి అంటుకుంటూ పోయింది.

పక్క కుర్చీలో కూర్చునే ఆనంద్ ఒక్కడే నవ్వలేదు. ఆఫీసు కంప్యూటర్లన్నీ అతనే చూసుకుంటాడు.

"నీ తప్పేం లేదు యమునా. ఈ డాక్యుమెంటులో ఫొటో వేరే, దాని కింద నువ్వు రాసే లైను వేరే. రెండింటికీ సంబంధం ఉండాదని దానికి తెలీదు. ఇట్ల సూడు," అని మౌస్ అందుకున్నాడు.

ఒకదాని కింద ఒకటిగా రెండే గడులున్న చిన్న పట్టిక వేశాడు. పై గడిలో ఫొటో పెట్టాడు, కింది గడిలో క్యాప్షన్ రాశాడు. ఆ తరువాత పట్టిక గీతల మందం సున్నా చేశాడు. గీతలు మాయమైపోయి ఫొటో, దాని కింద మాట మాత్రమే మిగిలాయి. పైన పది ఖాళీ లైన్లు కొట్టి చూపించాడు. ఫొటో కిందికి కదిలింది. మాట కూడా దాని వెంటే కదిలింది.

"ఇంగ పైన ఎవురేం రాసుకున్నా ఇవి రెండూ విడిపోవు."

"నూట ఎనభైకీ ఇట్లనే చెయ్యల్లనా?"

"చెయ్యల్ల. వచ్చే సోమవారం ప్రెస్సుకు పోవల్ల కదా. రోజుకు నలభై ఏసుకో."

ఆ రోజు నుంచే మొదలుపెట్టింది. పట్టిక, ఫొటో, మాట, గీతలు సున్నా. మళ్లీ పట్టిక. మొదటి రోజు ఒక్కో దానికి అయిదు నిమిషాలు పట్టింది. రెండో రోజుకు చేతులు వాటంతటవే నడిచాయి, ఫొటోలో ఏముందో చూడకుండానే పని సాగిపోయేది.

బుధవారం పొద్దునే అరవై మూడో ఫొటో దగ్గరికి వచ్చింది. పాత ప్రింటును స్కాన్ చేసిన నలుపు తెలుపు ఫొటో. సగం లేచిన కుంటకట్ట మీద తొమ్మిది మంది ఆడవాళ్లు నెత్తిన తట్టలతో వరుసగా నిలబడి ఉన్నారు. కింద, "కరువు పనుల్లో కూలీలు, సోమల మండలం, 2003" అని ఉంది. ఫొటోను పై గడిలోకి లాగి, అంచులు పట్టుకుని పెద్దది చేస్తుండగా యమున చెయ్యి ఆగిపోయింది.

ఎడమ నుంచి మూడో మనిషి. సన్నగా ఉంది, ఇప్పటి యమున కన్నా చిన్నది. తట్టను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి నడుం మీద పెట్టుకుంది. ఆ మోచెయ్యి పక్క మనిషిని పొడిచేటట్టు బయటికి వచ్చి ఉంది. అట్లా నిలబడే మనిషి యమునకు ప్రపంచంలో ఒక్కతే తెలుసు. పొద్దున తనకు టిఫిన్ డబ్బా కట్టిచ్చి, వాకిట్లో అట్లాగే నిలబడి బస్సు వచ్చేదాకా చూసింది.

యమున తల్లి వసంతమ్మ ఇప్పుడు పుంగనూరులో అంగన్‌వాడీ ఆయా. అంతకు ముందు కూలి పనులకు పోయేదని యమునకు తెలుసు. అది తెలియడం వేరు, ఇరవై రెండేళ్ల కిందటి ఆమె మొహం తెర మీద నుంచి నేరుగా తనను చూడడం వేరు.

కిందికి జరిపితే అరవై నాలుగో ఫొటో. అదే కుంటకట్ట ప్రారంభోత్సవం. షామియానా కింద ఏడుగురు నిలబడి ఉన్నారు. "ఎడమ నుంచి కుడికి" అని మొదలై, ఏడుగురి పేర్లూ వాళ్ల హోదాలతో సహా మూడు లైన్లు ఉన్నాయి. ఆ మూడు లైన్లూ యమునే టైపు చేసింది. అప్పుడు ఆమెకు ఏమీ అనిపించలేదు.

సాయంత్రం పుంగనూరు చేరి, చెప్పులు విడిచీ విడవకముందే ఫోనులో ఆ ఫొటో తెరిచి తల్లి ముందు పెట్టింది. వసంతమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఇది యాడ దొరికింది నీకు?"

"మా ఆఫీసులో. పుస్తకంలో ఏస్తాండారు. ఇది నువ్వే కదమ్మా?"

"నేనే. నీకు అప్పుడు అయిదేండ్లు. కానగ మాను కింద కూసోబెట్టి పోతాంటి." ఆమె మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. "ఆ పొద్దు మేము కూడు తింటాంటిమి. ఫొటో తీసేకి వచ్చినారు, లెయ్యండి లెయ్యండి అన్నారు. సంగటి ముద్ద ఆకులోనే పెట్టి లేస్తిమి. సూడు, ఈ తట్టలన్నీ ఖాళీవే. నవ్వొద్దన్నారు. కష్టపడతాండేటట్ల అగుపడల్లంట."

"వీళ్లంతా ఎవురు?"

వసంతమ్మ వేలు పెట్టి ఒక్కొక్కరినే చెప్పింది. మొదట రెడ్డెమ్మ. తరువాత చౌడమ్మ. మూడోది తాను. పక్కన ఆదెమ్మ. ఆదెమ్మ పక్క మనిషిని దాటేసి, ఆరో ఆమె కౌసల్య అంది. తరువాత మునెమ్మ, గంగులమ్మ. చివరి మనిషి దగ్గర వేలు ఆగింది.

"ఈమె వి.కోట నుంచి వచ్చింటె. కోటామె, కోటామె అంటాంటిమి." వసంతమ్మ గొంతు తగ్గింది. "మూడు నెలలు పక్కపక్కనే మట్టి మోసినాము. పేరు ఎవురమూ అడగలేదు సూడు."

"ఈ అయిదో ఆమె?"

ఆ మనిషి మిగతావాళ్ల కన్నా పొట్టిగా ఉంది. ఆమె తట్ట నెత్తిన లేదు. మొహానికి అడ్డంగా పట్టుకున్న తట్ట వెనక మొహం ముక్కాలు వంతు దాగిపోయి, నుదురూ ఒక కన్నూ మాత్రం కనిపిస్తున్నాయి.

వసంతమ్మ ఆ మొహాన్ని అందరి కన్నా ఎక్కువసేపు చూసింది. "దాని సంగతి ఆదెక్కను అడగల్ల. కుప్పంలో కూతురి కాడ ఉండాది," అని ఫోను తిరిగి ఇచ్చేసింది.

"అందరి పేర్లూ కింద రాద్దామనుకుంటాండా. నీ పేరు ఏస్తే నీకేమన్నా అడ్డమా?"

"ఏస్తే ఏయి. ఏయకపోతే మాత్రం నేను కాకుండా పోతానా," అని వసంతమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లింది. సంగటి కెలుకుతూ, ఇటు తిరగకుండానే మళ్లీ అంది. "వసంతమ్మ అని ఏయి. వసంత అని కాదు. రేషన్ కార్డులో తప్పు రాసి పెట్టినారు."

మరునాడు యమున ఏడు పేర్లూ కింది గడిలో టైపు చేసింది. తెలియని రెండు చోట్లా చుక్కలు పెట్టింది. గంట తిరక్కముందే తెర కుడివైపున ధనుంజయ పేరుతో ఒక కామెంటు కనిపించింది. "ఇంత పొడుగు వద్దు. పాత క్యాప్షనే ఉంచండి."

ధనుంజయ ఆ సంస్థకు డైరెక్టరు. యాభైకి వచ్చిన మనిషి. మొదట్లో మోటారు సైకిలు మీద పల్లెపల్లె తిరిగిన ఫీల్డు ఆఫీసరు, మెల్లగా ఆ కుర్చీలోకి వచ్చాడు. కోపంగా మాట్లాడడం ఎవరూ విన్నది లేదు. యమున కొంచెంసేపు ఆలోచించి ఆ కామెంటు కిందే జవాబు రాసింది. "సార్, అరవై నాలుగో ఫొటోలో ఏడుగురి పేర్లు మూడు లైన్లు ఉన్నాయి. అరవై మూడులో మూడో ఆమె మా అమ్మ."

ఆయన తన గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు.

"మీ అమ్మగారని నాకు తెలియదమ్మా. పేర్లు వేయడానికి నాకేం అభ్యంతరం? కానీ వాళ్ల ఒప్పుకోలు ఉండాల కదా. ఏడుగురివి వేసి ఇద్దరివి వదిలేస్తే ఆ ఇద్దరూ ఏమనుకుంటారు?"

"ఆదివారం లోపల అందరినీ అడుగుతాను సార్."

"అడుగు. తొమ్మిదీ దొరికితే వేద్దాం." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఆ అయిదో మనిషి మాత్రం దొరకదనుకుంటాను. మొహమే కనపడదు."

గురు, శుక్రవారాలు పని అయ్యాక యమున ఫోన్లు చేసింది. రెడ్డెమ్మ సోమలలోనే ఉంది. ఆమె మనవడు ఫోను అందించి, అవ్వకు చెవులు వినపడవు, గట్టిగా మాట్లాడమన్నాడు. విషయం అర్థమయ్యాక రెడ్డెమ్మ, ఫొటోలో తాను బాగుందా అని మాత్రం అడిగింది. కౌసల్యా, మునెమ్మా సరేనన్నారు. చౌడమ్మా, గంగులమ్మా చనిపోయారు. గంగులమ్మ కొడుకు గంగాధర్, మా ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు, అది నాకు పంపిస్తావా అక్కా అన్నాడు. యమున ఫొటోలో ఆమె ఉన్నంత మేర కత్తిరించి, వీలైనంత తేటగా చేసి పంపింది.

ఆదివారం తల్లీ కూతురూ కుప్పం బయలుదేరారు. పలమనేరులో బస్సు మారారు. వి.కోటలో బస్సు పది నిమిషాలు ఆగితే వసంతమ్మ కిటికీలోంచి దారిన పోయే ప్రతి ముసలామె మొహంలోకీ తొంగి చూసింది.

ఆదెమ్మ కూతురు సుష్మ కుప్పంలో ఒక హైస్కూల్లో సైన్సు టీచరు. రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వరండా. వసంతమ్మను చూసి ఆదెమ్మ లేవబోయి లేవలేక చేతులు చాచింది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని మోకాళ్ల నొప్పుల గురించీ, పోయిన వాళ్ల గురించీ చాలాసేపు మాట్లాడుకున్నారు. సుష్మ అందరికీ నీళ్లిచ్చి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

యమున ఫోనులో ఫొటో పెద్దది చేసి చూపించింది. ఆదెమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని చూసింది.

"కోటామె కదా, దాని పేరు సాకమ్మ. ఒకతూరి బస్సు తప్పిపోయి మా ఇంట్లోనే పండుకునింది. ఇప్పుటికీ పండగలకు ఫోన్ చేస్తాది."

అప్పటికప్పుడే సాకమ్మకు ఫోను కలిపారు. కన్నడం కలిసిన తెలుగులో ఆమె అంతా విని, "అందరి పేర్లూ ఏస్తాండారా, నాదొక్కటేనా?" అని అడిగింది. అందరివీ అని చెబితే, "అట్లయితే ఏయండి," అంది. వసంతమ్మ ఫోను దగ్గరికి వంగి, "నేను వసంతమ్మను. ఆ పొద్దు నీ పేరు అడగలేదు సాకక్కా," అంది. అవతలి నుంచి నవ్వు వినిపించింది. "నేను మాత్రం నీ పేరు అడిగింటినా? మోచెయ్యి ఆమె అనుకుంటాంటి."

ఇక మిగిలింది ఒక్కరే. యమున వేలితో అయిదో మొహం చూపించింది. "ఈమె ఎవురు పెద్దమ్మా?"

ఆదెమ్మ వంటింటి వైపు చూసింది. కాఫీ గ్లాసులు తెస్తున్న సుష్మ అమ్మ చూపు చూసింది, ఫోను చూసింది. గ్లాసులు బల్ల మీద పెట్టి యమున పక్కన కూర్చుంది.

"నేనే."

యమున ఫొటోలో తట్ట పైనుంచి కనిపిస్తున్న ఆ ఒక్క కన్నును మళ్లీ చూసింది.

"అప్పుడు నాకు పద్నాలుగు. తొమ్మిదో తరగతి. బోర్లన్నీ ఎండిపోయినాయి, నాయన బెంగళూరుకు పనికి పోయినాడు. అమ్మ నన్ను బడి మానిపించి మూడు నెలలు కట్ట పనికి పిలుచుకుపోయింది. ఫొటో తీసే సారు నన్ను సూసి వయసెంత అన్నాడు. అమ్మ పద్దెనిమిది అనింది. ఆయన నమ్మలేదు. నమ్మినట్ల ఉన్నాడు. 'ఆ పాపను తట్ట మొహానికి అడ్డం పెట్టుకోమనండి' అన్నాడు."

"ఎవురా సారు?"

"పేరు తెలీదు. ఎర్ర మోటారు సైకిల్లో వస్తాండె."

"ధనుంజయ సారు," అంది వసంతమ్మ మెల్లగా.

యమున తల్లి వైపు తిరిగింది. అయిదో మనిషి ఎవరో, ఆ మాట అన్నదెవరో తల్లికి మొదటి నుంచీ తెలుసని అప్పుడు అర్థమయింది.

"నాకు యాల చెప్పలేదమ్మా?"

"చెప్పేదానికి అది నా సంగతి కాదు. దీనిది."

ఆదెమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "తప్పు నాది. బిడ్డను బడిలోంచి తీసింది నేను."

"తప్పు ఎవురిదని ఎవురు అడిగినారు మా?" అంది సుష్మ. "మళ్లా బడిలో ఏసింది కూడా నువ్వే కదా. ఊరుకో." తరువాత యమునతో అంది. "నా పేరు వొద్దు. కూలికి పోయినానని తెలుస్తాదని కాదు. అది నా క్లాసు పిల్లోళ్లకు నేనే చెప్పినాను. ఆ పొద్దు మొహం దాపెట్టుకోమని, ఈ పొద్దు పేరు ఇయ్యమంటే ఎట్ల ఇచ్చేది?"

యమున బలవంతం చేయలేదు. చేయడానికి మనసు ఒప్పలేదు కూడా. ఆదివారం లోపల తొమ్మిదీ తెస్తానని ఆఫీసులో చెప్పిన మాట ఇప్పుడు చాలా చిన్నదిగా అనిపించింది. "నీ ఇష్టం అక్కా," అంది.

కాఫీ తాగాక సుష్మే పుస్తకం ఎట్లా ఉందో చూపించమంది. యమున ఫోనులో డాక్యుమెంటు తెరిచింది. సుష్మ అరవై మూడు చూసి, వేలితో కిందికి జరిపి అరవై నాలుగు చదివింది. ఏడు పేర్లూ చదివి ఫోను తిరిగి ఇచ్చింది.

బయలుదేరే ముందు యమున ఆ డాక్యుమెంటు లింకు సుష్మ ఫోనుకు పంపింది. మార్పులు చేసే అనుమతి కూడా ఇచ్చింది. "రేపు రెండు గంటలకు ప్రెస్సుకు పంపిస్తాము. ఆ గడిలో ఏమన్నా రాయాలనిపిస్తే రాయి. రాయకపోయినా ఏం లేదు. నేను చుక్కలు పెట్టి వదిలేస్తాను," అంది.

సోమవారం పొద్దున యమున కింది గడిలో సాకమ్మ పేరు చేర్చింది. ఆదెమ్మకూ కౌసల్యకూ మధ్య అయిదు చుక్కలు ఉండిపోయాయి. తక్కిన ఫొటోలన్నీ మరొకసారి సరిచూసింది. పదకొండు గంటలకు, బడుల్లో ఇంటర్వెల్ ఇచ్చే వేళకు, తెర మీద, ఎవరు రాస్తున్నారో చూపే చిన్న గీత ఒకటి ఆకుపచ్చ రంగులో మెరిసింది. దాని తల మీద సుష్మ పేరు ఉంది.

ఆ గీత చుక్కల దగ్గరికి వచ్చి ఆగింది. చుక్కలు ఒక్కొక్కటే పోయాయి. "సుష్మ" అని పడింది. మళ్లీ చెరిగిపోయింది. యమున కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ అక్షరాలు వచ్చాయి, ఈసారి ఆగకుండా. "సుష్మ (పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి, మొహం దాచుకోమన్నారు)". అంతే. ఆకుపచ్చ గీత మాయమైంది.

నాలుగైదు నిమిషాల తరువాత నీలం గీత ఒకటి వచ్చి అదే వాక్యం చివర నిలబడింది. దాని మీద ధనుంజయ పేరు ఉంది. ఆ గీత కదలలేదు. ఏదీ చెరపలేదు, ఏదీ రాయలేదు. పక్క కుర్చీలోంచి ఆనంద్ కూడా చూస్తున్నాడు.

"సార్ తీసేస్తాడు సూడు," అన్నాడు మెల్లగా.

గది తలుపు తెరుచుకుంది. ధనుంజయ బయటికి వచ్చి, ఆనంద్‌ను కాసేపు లేవమని, ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ మాట అన్నది నేనే," అన్నాడు.

"తెలుసు సార్."

"మీ అమ్మగారు చెప్పినారా?"

"నిన్న. అంతకు ముందు చెప్పలేదు."

ఆయన తెర వైపే చూస్తూ మాట్లాడాడు. "అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. డబ్బులిచ్చేవాళ్లు చూసేకి వస్తారని ఫొటోలు అడిగినారు. చిన్న పిల్ల పనిలో ఉండాదని తెలిస్తే పనే నిలిచిపోతుందేమోనని భయం. పనికి రావద్దమ్మా, బడికి పో అని చెప్పుంటే బాగుండేది. లేదంటే ఆ మొహం అట్లనే కనపడనిచ్చుంటే బాగుండేది. రెండూ చెయ్యలేదు. ఈ ఫొటో ఎక్కడ వాడినా ఆ అయిదో మనిషిని చూడకుండా తిప్పేసేవాణ్ని."

"తీసెయ్యమంటారా సార్?"

"ఆ అమ్మాయి రాసుకున్న మాట. తీసేకి మనమెవరు?" ఆయన చేత్తో మొహం రుద్దుకున్నాడు. "సంస్థ బోర్డువాళ్లు అడుగుతారు. అడగనీ. కానీ దాంట్లో ఒక తక్కువ ఉండాది. దాచుకోమన్నారు అని ఉందే గానీ, ఎవరు అన్నారో లేదు. ఆమె నంబరు ఇస్తావా? ఆమెను అడగకుండా ఆమె మాట పక్కన నేను రాయకూడదు."

నంబరు తీసుకుని వరండాలోకి వెళ్లాడు. అద్దంలోంచి ఆయన వీపు మాత్రం కనిపించింది. ఇంటర్వెల్ అయిపోయినట్టుంది, మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. ఆయన అక్కడే నిలబడ్డాడు. పన్నెండున్నర దాటాక, బడి భోజనాల వేళకు మళ్లీ చేశాడు. ఆ మాటలు యమునకు వినపడలేదు. ఆయన తక్కువ మాట్లాడాడు, ఎక్కువ విన్నాడు.

లోపలికి వచ్చి యమున కీబోర్డు తన వైపు జరుపుకున్నాడు. రెండు వేళ్లతో మెల్లగా టైపు చేశాడు. క్యాప్షన్ చివర ఇంకో లైను చేరింది. "మొహం దాచుకోమన్నది ఈ ఫొటో తీసిన ధనుంజయ." ఆ లైను చేరేసరికి ఫొటో కింద మాటలు నాలుగు లైన్లయ్యాయి. పట్టిక కొంచెం పెరిగి పేజీలో సర్దుకుంది. రెండు గంటలకు ఆనంద్ ఫైలు ప్రెస్సుకు పంపించాడు.

నెల తరువాత పుంగనూరులో ఒక కల్యాణ మండపంలో సాయంత్రం చిన్న సభ పెట్టి పుస్తకాలు పంచారు. బోర్డు సభ్యులొకరు అరవై మూడో ఫొటో తెరిచి పట్టుకుని ధనుంజయను పక్కకు పిలిచారు. ఆయన ఏం చెప్పుకున్నాడో గానీ, ఆ పెద్దమనిషి భోజనానికి ఉండకుండానే వెళ్లిపోయారు. రెడ్డెమ్మకు ఫొటోలో తాను బాగానే ఉన్నట్టు అనిపించింది. గంగాధర్ రెండు పుస్తకాలు తీసుకున్నాడు. సాకమ్మా వసంతమ్మా మొదటి వరుసలో కూర్చుని, ఎవరి ప్రసంగమూ వినకుండా, తమ మాటలు తాము చెప్పుకున్నారు.

సుష్మ మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి అమ్మను తీసుకుని వచ్చింది. ధనుంజయ ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. యమున పక్కనే పుస్తకాలు సర్దుతోంది. క్షమించమ్మా అని ఆయన అంటాడేమో అనుకుంది. ఆ మాట ఫోనులోనే అయిపోయిందో ఏమో, ఆయన అనలేదు.

"మీ బడిలో ఇప్పుడు పిల్లలు పనులకు పోతాండారా అమ్మా?" అని అడిగాడు.

"టమాటా కోతలప్పుడు పోతాండారు సార్. నేను ఇండ్లకు పోయి పిలుచుకొస్తాను. కొందరు పంపిస్తారు, కొందరు పంపరు."

"ఈసారి పోయేటప్పుడు నన్నూ పిలుస్తావా?"

సుష్మ ఆయనను కాస్త పరీక్షగా చూసింది.

"శనివారం పోతాను సార్. ఏడు గంటలకంతా పోవల్ల, లేకుంటే తోటలకు ఎల్లిపోతారు. మీకు పొద్దు కుదురుతాదో లేదో."

"కుదురుతాది," అన్నాడు ధనుంజయ.

శనివారం మధ్యాహ్నం యమున ఫోనుకు సుష్మ నుంచి రెండు లైన్ల మెసేజి వచ్చింది. సారు చెప్పిన టైముకే వచ్చినాడట. మూడిండ్లకు పోతే ఒక ఇంట్లో తలుపే తీయలేదు, ఒక ఇంట్లో సోమవారం చూద్దామన్నారు, ఒక ఇంటి నుంచి మాత్రం హరిత అనే పాప పుస్తకాల సంచి తగిలించుకుని వాళ్లతోపాటే బడికి వచ్చిందట.